వాసన పోయింది, చీము కణాలు పోలేదు

ఫిబ్రవరి రెండో వారం. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు పోటెత్తే రోజులు. ఆ నెలల్లో కొత్తపేటలోని మా ఓపీ గదికి కూడా కారం ఘాటు తగులుతుంది. కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే పని ముగించుకుని నేరుగా వచ్చే ఆడవాళ్ల చీరల్లో అది ఉంటుంది. ఒకరు వచ్చి బల్ల మీద కూర్చుంటే పక్కన ఇద్దరు తుమ్ముతారు. ఈ కేసు అలాంటి ఒక సాయంత్రం మొదలైంది. రోగి అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ మార్చాను.

వయసు 27. మూడేళ్ల బాబు ఉన్నాడు, మామూలు కాన్పు. భర్త మెకానిక్. తోడుగా అత్తగారు వచ్చింది. కోడలు తెల్లబట్ట గురించి రాలేదు, కాపర్‌టీ వేయించుకోవడానికి వచ్చింది. “ఇంకో రెండేళ్లు ఆగుదామనుకుంటున్నామండీ డాక్టరమ్మ గారూ, లూప్ వేసెయ్యండి” అంది. తెల్లబట్ట సంగతి ఎత్తింది అత్తగారే. “పిల్లకు ఒంట్లో వేడి ఎక్కువండీ. తెల్లబట్ట అవుతోంది. మజ్జిగ తాగమంటే తాగదు.”

అత్తగారిని కాసేపు బయట కూర్చోమన్నాను. తలుపు మూసిన తర్వాత గానీ అసలు మాటలు రాలేదు. తెల్లబట్ట అయిదు నెలలుగా ఉంది. పల్చగా, బూడిద రంగులో, చేపల వాసనతో. భర్తతో కలిసిన తర్వాత వాసన ఎక్కువ. దురద లేదు. ఈ మధ్యలో రెండుసార్లు వేరే చోట మాత్రలు ఇచ్చారు. వాడినన్నాళ్లూ బాగుండి, రెండు వారాలకు మళ్లీ మొదలయ్యేది. రెండుసార్లూ ఎవరూ లోపల పరీక్ష చేయలేదు. బల్లకు అటు వైపు నుంచే చీటీ రాసి ఇచ్చారు.

ఇంకో మాట నేను అడిగితే చెప్పింది. “రోజూ సాయంత్రం ఇంటికెళ్లాక సబ్బు పెట్టి లోపలి దాకా కడుక్కుంటానండీ. కారం చేతులు కదా, మంట. వాసన కూడా పోతుందని.”

ఆ మాట దగ్గరే కాస్త ఆగాలి. యోని తనను తాను కాపాడుకునే మొదటి కోట రోగనిరోధక కణాలది కాదు, ఆమ్లానిది. ఈస్ట్రోజెన్ ప్రభావంతో యోని పొరలోని కణాల్లో గ్లైకోజెన్ నిలవ ఉంటుంది. ఆ కణాలు రాలినప్పుడు అది చిన్న చక్కెరలుగా విడిపోతుంది. లాక్టోబాసిల్లస్ జాతి బాక్టీరియా వాటిని తిని లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. పాలు తోడుకునేటప్పుడు జరిగే పని లాంటిదే ఇదీ. పులుపు కొలిచే పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య నిలబడుతుంది (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). ఆ పులుపులో చాలా రోగకారక బాక్టీరియా బతకలేదు. జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డూడర్లైన్ ఈ పొడుగాటి కడ్డీల్లాంటి బాక్టీరియాను 1892లోనే వర్ణించాడు. ఒంటి సబ్బు పీహెచ్ మామూలుగా 9, 10 దగ్గర ఉంటుంది. రోజూ ఆ సబ్బుతో లోపల కడగడమంటే పెరుగు గిన్నెలో రోజూ సున్నపు తేట పోయడమే. “శుభ్రంగా కడుక్కుంటున్నాను” అని ఆమె గర్వంగానే చెప్పింది. నేను తప్పు పట్టలేదు. చిన్నప్పటి నుంచి అందరూ ఆడపిల్లలకు నేర్పేది అదే కదా.

మొదటి పరీక్ష, నా పొరపాటు

పొత్తికడుపు మెత్తగా ఉంది, నొక్కితే నొప్పి లేదు. యోనిని తెరిచి చూసే పరికరం స్పెక్యులం పెట్టి చూస్తే యోని గోడలకు పల్చటి బూడిద రంగు స్రావం పూత పూసినట్టు అంటుకుని ఉంది. పీహెచ్ పట్టీ 5 చూపించింది. స్లైడు మీద ఒక చుక్క 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ వేయగానే గదిలో చేపల వాసన వచ్చింది. నర్సు కిటికీ తీసింది.

స్లైడును మైక్రోస్కోప్ కింద పెట్టాను. పొర కణాలు మామూలుగా అద్దపు పెంకుల్లా, అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. ఇక్కడ సగం కణాలకు అంచులే లేవు. బెల్లం ముక్కకు చీమలు పట్టినట్టు సన్నటి బాక్టీరియా కణమంతా కప్పేసి ఉంది. వీటినే క్లూ కణాలంటాం. 1955లో గార్డ్‌నర్, డ్యూక్స్ అనే పరిశోధకులు ఈ పేరు పెట్టారు. 1983 నాటి ఆమ్సెల్ ప్రమాణాల ప్రకారం స్రావం తీరు, పీహెచ్, వాసన, క్లూ కణాలు అనే నాలుగింటిలో మూడు ఉంటే చాలు, బాక్టీరియల్ వాజినోసిస్ (యోనిలో లాక్టోబాసిల్లస్ తగ్గి వేరే బాక్టీరియా పెరిగిపోవడం) అని తేల్చవచ్చు. ఈమెలో నాలుగూ ఉన్నాయి. రోగ నిర్ధారణ అయిపోయిందనుకున్నాను.

కానీ ఆ స్లైడులో ఇంకో సంగతి ఉంది. మైక్రోస్కోప్‌లో ఒక్కో చూపుకు కనిపించే ప్రతి క్షేత్రంలోనూ తెల్లకణాలు, అంటే మనం చీము కణాలనే న్యూట్రోఫిల్స్, పొర కణాల కంటే చాలా ఎక్కువగా ఉన్నాయి. సామాన్యంగా ఒక పొర కణానికి ఒక తెల్లకణం కంటే ఎక్కువ కనిపిస్తే ఎక్కడో వాపు ఉందని అర్థం. నేను చూడకపోలేదు. చూశాను. కేసు షీటులో “చీము కణాలు: ఎక్కువ” అని రాశాను. పక్కనే కారణం కూడా నేనే రాసుకున్నాను: “సబ్బు వల్ల రాపిడి కావచ్చు.” కథ అంత చక్కగా కుదిరినప్పుడు కుదరని ముక్కను ఎక్కడో ఒకచోట ఇరికించాలనిపిస్తుంది.

అది అలా ఇరికే ముక్క కాదు. వాజినోసిస్ అనే పేరులోనే ఆ సంగతి ఉంది. వాపు ఉంటే వాజినైటిస్ అనేవాళ్లు. వాజినోసిస్‌లో పెరిగే గార్డ్‌నెరెల్లా అనే బాక్టీరియా, దాని సహచర బాక్టీరియా లక్షల్లో పెరిగినా శరీరం పెద్దగా కేక వేయదు. ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి సంకేతం పెరుగుతుంది కానీ, న్యూట్రోఫిల్స్‌ను పిలుచుకొచ్చే ఇంటర్‌ల్యూకిన్-8 ఆ దామాషాలో పెరగదు. అందుకే ఒట్టి వాజినోసిస్ స్లైడులో చీము కణాలు పల్చగా ఉంటాయి. అవి దండిగా ఉన్నాయంటే వాటిని పిలిచింది వేరే ఎవరో. ఈ పాఠం నేను విద్యార్థులకు చెబుతూనే ఉంటాను.

మెట్రోనిడజోల్ 400 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఏడు రోజులకు రాశాను. లోపల సబ్బు వాడవద్దన్నాను. కారం మంటకు వేరే ఉపాయం చెప్పాను: మిరపకాయ ఘాటు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి పని దిగగానే చేతులకు కొబ్బరినూనె బాగా రుద్ది, ఆ తర్వాత సబ్బుతో కడుక్కుని, అప్పుడే బాత్రూముకు వెళ్లమన్నాను. కాపర్‌టీ ఈ నెలకు వద్దు, నెలసరి అయ్యాక రమ్మన్నాను. అంతవరకు కండోమ్ వాడమన్నాను. ఆ ఒక్క వాయిదా మాత్రం మంచిదైంది.

రెండో రాక

మూడు వారాలకు వచ్చింది. ముఖం తేటగా ఉంది. “వాసన పూర్తిగా పోయిందండీ. చేతులకు నూనె సంగతి మా బ్యాచీ అందరికీ చెప్పాను” అంది. పీహెచ్ 4.4. చేపల వాసన లేదు. క్లూ కణాలు లేవు. పొడుగాటి కడ్డీలు అక్కడక్కడా కనిపించడం మొదలైంది.

చీము కణాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఈసారి ప్రశ్నలు మార్చి అడిగాను. “కలిసిన తర్వాత ఎప్పుడైనా ఎర్రచుక్క కనిపిస్తోందా అమ్మా?” కాసేపు నేల చూసి, “రెండు మూడుసార్లు కనిపించిందండీ. నెలసరి ముందుగా వస్తోందేమో అనుకున్నాను” అంది. మొదటిసారి నేను ఇది అడగలేదు.

మళ్లీ స్పెక్యులం. ఈసారి గోడలు వదిలేసి గర్భాశయ ముఖద్వారం మీదికి లైటు తిప్పాను. ముఖద్వారం చుట్టూ రూపాయి బిళ్లంత మేర ఎర్రగా, మఖమల్ గుడ్డలా ఉంది. ఇది వయసులో ఉన్న ఆడవాళ్లలో మామూలే. లోపలి కాలువలో ఉండాల్సిన ఒంటి వరస కణాల పొర బయటికి తెరుచుకోవడం అది. దూది చుట్టిన పుల్లను కాలువలోకి సెంటీమీటరు దూరం పోనిచ్చి, ఒక్కసారి తిప్పి, బయటికి తీసి తెల్లటి గాజు ముక్క మీద పెట్టి చూశాను. దూది లేత పసుపు రంగులో ఉంది, పచ్చి శనగపిండి తడి తగిలినట్టు. పుల్ల తగిలిన చోట సన్నగా రక్తం చిమ్మింది. పసుపు స్రావం, తగిలితే రక్తం. ఈ రెండూ గర్భాశయ ముఖద్వారం వాపుకు గుర్తులు. ముఖద్వారాన్ని వేళ్లతో కదిలిస్తే నొప్పి లేదు. అంటే అది ముఖద్వారం దాటి పైకి పాకిన లక్షణాలైతే లేవు.

ఇంకో పుల్లతో నమూనా తీసి, జన్యు పదార్థాన్ని పట్టుకునే పరీక్షకు విజయవాడ ల్యాబుకు పంపాను. కలయిక ద్వారా సోకే క్లమీడియా, గనేరియా, ట్రైకోమోనాస్ మూడింటికీ. తడి స్లైడులో ట్రైకోమోనాస్ కదులుతూ కనిపిస్తే ఉన్నట్టే కానీ, కనిపించకపోతే లేదని చెప్పలేం. ఆ పరీక్ష చాలా కేసులను వదిలేస్తుంది. గర్భం లేదని నిర్ధారించుకున్నాం. హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలకు సర్కారు ఆసుపత్రికి పంపాను, రెండూ లేవని వచ్చింది. నాలుగో రోజు ల్యాబు నుంచి ఫోను వచ్చింది. క్లమీడియా ట్రకోమాటిస్ ఉంది. మిగతా రెండూ లేవు.

ఆ పొర కింద ఏం జరుగుతోంది

క్లమీడియా మామూలు మైక్రోస్కోప్‌కు చిక్కదు. బయట తిరిగే దాని రూపం మైక్రాన్‌లో మూడో వంతు ఉంటుంది. పైగా అది కణం లోపల దాక్కుని పెరిగే జీవి. స్లైడులో మనకు కనిపించేది దొంగ కాదు, దొంగ కోసం వచ్చిన పోలీసులు.

యోని గోడ అనేక వరసల ఇటుకల కట్టు లాంటిది. గర్భాశయ ముఖద్వారం కాలువ మాత్రం ఒంటి వరస గోడ. దానికి కాపలా శ్లేష్మం. ఆ జిగురులో మ్యూసిన్ దారాల వల ఉంటుంది. ఆ వలలో లైసోజైమ్, ఇనుమును బాక్టీరియాకు అందకుండా పట్టి ఉంచే లాక్టోఫెరిన్, బాక్టీరియా పొరలకు తూట్లు పొడిచే డిఫెన్సిన్లు, యాంటీబాడీలు చిక్కుకుని ఉంటాయి. అండం విడుదలయ్యే రోజుల్లో ఈ జిగురు పల్చబడి సాగుతుంది, శుక్రకణాలకు దారి ఇవ్వాలి కాబట్టి. ఆ తర్వాత ప్రొజెస్టెరాన్ దాన్ని చిక్కగా బిగిస్తుంది. వాజినోసిస్ బాక్టీరియాలో కొన్ని సియాలిడేజ్ అనే ఎంజైమ్‌తో ఈ వల దారాలను కొరుకుతాయి. మొదటి కోటలో ఆమ్లం పోయిన వాళ్లకు రెండో కోట కూడా పలచబడేది ఇలాగే. లాక్టోబాసిల్లస్ క్రిస్పేటస్ చేసే డి-రకం లాక్టిక్ ఆమ్లం ముఖద్వార కణాలను క్లమీడియాకు లొంగకుండా చేస్తుందని ప్రయోగశాల కణాల్లో చూపారు. లాక్టోబాసిల్లస్ ఇనెర్స్‌కు ఆ డి-రకం చేసే శక్తి లేదు. “మంచి బాక్టీరియా” అని అన్నింటినీ ఒకే గాటన కట్టకూడదని నేను అనేది ఇందుకే.

కోటలు దాటి కణంలోకి దూరిన క్లమీడియాను ఆ కణమే మొదట గుర్తుపడుతుంది. కణం మీద, లోపల టోల్ గ్రాహకాలు, నాడ్ గ్రాహకాలు ఉంటాయి. ఇవి బాక్టీరియా గోడల ముక్కలను పసిగట్టే ముక్కుల్లాంటివి. ఈ జన్మసిద్ధ రక్షణ ఎలా మేలుకుంటుందో తేల్చినందుకే జూల్స్ హాఫ్‌మన్, బ్రూస్ బ్యూట్లర్ 2011 నోబెల్ బహుమతిలో భాగం పొందారు. క్లమీడియా పొరలోని లిపోపాలీశాకరైడ్ ఈ ముక్కులకు చాలా బలహీనంగా తగులుతుంది. మంట, నొప్పి లేకుండా నెలల తరబడి అది ఉండిపోవడానికి అదొక కారణం. క్లమీడియా సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి లక్షణాలే ఉండవు. అయినా సోకిన కణం ఇంటర్‌ల్యూకిన్-8 వదులుతుంది. రక్తనాళాల్లోంచి న్యూట్రోఫిల్స్ ఆ వాసన పట్టుకుని వస్తాయి. నా దూది పుల్ల మీది పసుపు వాటి రంగే. వాటిలోని మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది.

కానీ న్యూట్రోఫిల్స్ కణం బయట ఉన్నవాటినే మింగగలవు. గది లోపల గడియ పెట్టుకున్న దొంగను వీధిలో ఉన్న పోలీసు ఏం చేస్తాడు? పైగా అవి వదిలే ఎంజైములు మన పొరనే తింటాయి. అండవాహికల్లో మచ్చలు కట్టి సంతానం కష్టమయ్యేది బాక్టీరియా కొరుకుడు వల్ల కంటే ఈ పోరాటం వల్లే ఎక్కువ.

లోపలి దొంగకు శరీరం వేసే ఎత్తు వేరు. ఆకలితో చంపడం. సహజ హంతక కణాలు, ఆ తర్వాత టీ కణాలు అనే రోగనిరోధక కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం వదులుతాయి. దాంతో సోకిన కణం తనలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని తానే విరగ్గొట్టుకుంటుంది. క్లమీడియాకు ట్రిప్టోఫాన్ లేనిదే పెరుగుదల లేదు. దొంగ ఉన్న గదికి కూడూ నీళ్లూ ఆపేయడమన్నమాట.

ఇక్కడే నాకు ఈ కేసు మొత్తం అర్థమైంది. జననాంగాలకు సోకే క్లమీడియా రకాలకు ట్రిప్టోఫాన్ సింథేజ్ అనే ఎంజైమ్ ఉంది. దానికి ఇండోల్ అనే చిన్న పదార్థం అందితే చాలు, ట్రిప్టోఫాన్‌ను తానే వండుకుంటుంది. కళ్లలో ట్రకోమా తెచ్చే రకాలు ఇదే జాతివి అయినా, ఆ ఎంజైమ్ పని వాటిలో పోయింది. కంట్లో ఇండోల్ ఇచ్చేవాళ్లు లేరు మరి. యోనిలో ఎవరిస్తారు? లాక్టోబాసిల్లస్ ఇవ్వదు. వాజినోసిస్‌లో పెరిగే బాక్టీరియాలో కొన్ని ఇస్తాయి. అంటే శరీరం ముందు తలుపు నుంచి కూడు ఆపేస్తే, వెనక కిటికీలోంచి పొరుగువాళ్లు కంచం అందించారు. ఆమె అయిదు నెలల వాజినోసిస్ క్లమీడియాకు దారి తెరవడమే కాక అన్నం కూడా పెట్టి ఉండవచ్చు. ఈమె శరీరంలో సరిగ్గా ఇదే జరిగిందని నేను రుజువు చేయలేను, ఇండోల్ కొలిచే పరీక్ష నా దగ్గర లేదు. కానీ రెండు జబ్బులూ తరచుగా జంటగా ఎందుకు కనిపిస్తాయో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే చక్కటి వివరణ నాకు తెలియదు.

ఒక పక్కమాట. ఈ విషయాలు చదివేటప్పుడు ఎలుకల ప్రయోగాలను కాస్త అనుమానంగా చూడండి. ఎలుక యోనిలో మన ఆమ్లం ఉండదు, లాక్టోబాసిల్లస్ రాజ్యమూ ఉండదు. ఎలుకలో ఇంటర్‌ఫెరాన్ గామా ఆకలి ఎత్తు మీద ఆధారపడదు, వేరే ప్రొటీన్లతో పని నడిపిస్తుంది. అక్కడ గెలిచిన మందు ఇక్కడ గెలవాలని లేదు.

మందు సులువు, మాట కష్టం

డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. అన్నం తిన్నాక, గ్లాసెడు నీళ్లతో, వేసుకోగానే పడుకోకుండా. పాలతో వద్దు. ఎండలో తిరిగేటప్పుడు కొంగు కప్పుకోవాలి. అజిత్రోమైసిన్ ఒకే మోతాదు సులువే కానీ, గర్భం లేనివారిలో డాక్సీసైక్లిన్ ఫలితం మెరుగు. కలయిక ద్వారా సోకే జబ్బులకు చికిత్స చేసే సర్కారు సురక్ష క్లినిక్కుల్లో రంగురంగుల మందుల కిట్లు ఉచితంగా ఇస్తారు: యోని స్రావానికి ఆకుపచ్చది, ముఖద్వారం వాపుకు బూడిద రంగుది. ఆ పద్ధతి తప్పని నేననను. కానీ ఏ రంగు ఇవ్వాలో చెప్పేది స్పెక్యులం. అది పెట్టకపోతే ప్రతి తెల్లబట్టకూ ఆకుపచ్చ కిట్టే దక్కుతుంది.

ఫలితం చెప్పిన రోజు ఆమె ఒక్కతే వచ్చింది. విని, చాలాసేపటికి అడిగింది. “అయితే ఆయన తెచ్చాడా అండీ?”

“తెలియదమ్మా” అన్నాను. “ఇది నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా కూడా చప్పుడు లేకుండా ఉంటుంది. ఎవరికి ముందు వచ్చిందో ఈ పరీక్ష చెప్పదు. నేను ఊహించి చెబితే అది అబద్ధమే అవుతుంది. ఇద్దరికీ ఒకేసారి మందు పడకపోతే మళ్లీ నీకే వస్తుంది. ఈ మాట మాత్రం నిజం.”

భర్తను ఒకసారి పంపమన్నాను. రెండు రోజులకు వచ్చాడు, సాయంత్రం చివరి టోకెను తీసుకుని. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదన్నాడు. మూత్రం మొదటి ధార పరీక్షకు పంపాను. ఫలితం కోసం ఆగకుండా అదే రోజు మందు మొదలుపెట్టించాను. ఫలితం ఉందనే వచ్చింది. ఇద్దరి మందూ ముగిసే వరకు దూరంగా ఉండమన్నాను. అత్తగారికి ఏం చెప్పాలన్నది ఆమె నిర్ణయానికే వదిలాను. “లోపల పుండు, మందు వాడితే తగ్గుతుందని చెప్పానండీ” అంది తర్వాత. అదీ అబద్ధమేమీ కాదు.

వదిలేస్తే 10 నుంచి 15 శాతం మందిలో ఇది పైకి పాకి గర్భాశయం, అండవాహికల వాపుగా మారుతుందని అంచనా. మొదటి రోజే నేను కాపర్‌టీ వేసి ఉంటే, ముఖద్వారంలోని చీములోంచి దాన్ని గర్భాశయంలోకి నెట్టేదాన్ని. చీముతో కూడిన వాపు ఉండగా కాపర్‌టీ వేయకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం. ఆ రోజు నేను వాయిదా వేసింది ఆ నియమం గుర్తొచ్చి కాదు, వాసన చూసి.

మందు అయిన వెంటనే మళ్లీ పరీక్ష చేయలేదు. చచ్చిన బాక్టీరియా జన్యు పదార్థం కొన్ని వారాలు మిగిలి ఉండి, తప్పుడు ఫలితం ఇస్తుంది. మూడు నెలలకు, జూన్ నెలలో, ఇద్దరినీ పిలిచాను. పరీక్షలో ఇద్దరికీ లేదని వచ్చింది. ఎర్రచుక్క మళ్లీ కనిపించలేదట. దూది పుల్ల తెల్లగా బయటికి వచ్చింది. పీహెచ్ 4.2. నెలసరి మూడో రోజున కాపర్‌టీ వేశాను.

వేయడానికి ముందు తీసిన స్లైడులో పొడుగాటి కడ్డీలు నిండుగా ఉన్నాయి. అయిదు క్షేత్రాల్లో లెక్కపెట్టాను. పొర కణాలు 31, తెల్లకణాలు 9. కేసు షీటులో ఈసారి “తక్కువ” అని రాయలేదు, ఆ రెండు అంకెలే రాశాను.